తీర్పు ఒకరికి, జనం మనసు ఒకరికి

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన పెద్దలు అంటారు. గట్టు తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలున్న ఊళ్ళలో ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. అయితే ఆటల బరిలో కూడా ఇదే జరుగుతుందనీ, అందులోనూ బాక్సింగ్ అని పిలిచే ముష్టియుద్ధంలో మరీ ఎక్కువగా జరుగుతుందనీ చాలామందికి తెలియదు.

సంక్రాంతి పండుగకు, శ్రీరామనవమికి మన ఊళ్ళలో చెడుగుడు పోటీలు పెడుతుంటారు. ఆఖరి ఆటలో అంపైరు ఇచ్చిన తీర్పు జనానికి నచ్చలేదనుకోండి. గెలిచిన జట్టు షీల్డు పట్టుకుని ట్రాక్టరు ఎక్కుతుంటే ఒక్కరూ పలకరించరు. ఓడిన జట్టు కుర్రాళ్ళ చుట్టూ మాత్రం జనం మూగుతారు. భుజం తట్టి "మీరే గెలిచార్రా" అంటారు. ఎవరో ఒకరు సోడాలు కొట్టిస్తారు. షీల్డు ఒకరి చేతికీ, జనం మనసు ఇంకొకరి చేతికీ వెళ్ళిపోతుంది.

ఇది మనకు కొత్త కాదు. భీమ దుర్యోధనుల గదాయుద్ధం వీధి నాటకంలో చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. దుర్యోధనుడు చేసిన పాపాలన్నీ జనానికి కంఠతా వచ్చు. అయినా భీముడు నడుము కింద కొట్టి తొడలు విరగగొట్టిన ఘట్టం వచ్చేసరికి జనం మౌనమైపోతారు. గురువైన బలరాముడే అధర్మమని ఆగ్రహించాడని భారతం చెబుతోంది. ఓడినవాడు మంచివాడని కాదు, ఓడించిన తీరు బాగాలేదని ఆ బాధ. వివాదాస్పదమైన ఓటమికి సానుభూతి రావడం వెనుక ఉన్న మూలసూత్రం ఇదే.

ఈ సానుభూతి ఎలా పుడుతుంది, ఎంతవరకు మేలు చేస్తుంది, ఎక్కడ కీడు చేస్తుంది అన్నది మనం కొంచెం నిదానంగా ఆలోచించవలసిన విషయం. ఎందుకంటే మన పిల్లలు కూడా ఇప్పుడు మండల పోటీలకు, జిల్లా ఎంపికలకు వెళుతున్నారు. తీర్పులు వాళ్ళకూ ఎదురవుతున్నాయి.

సియోల్‌లో ఏం జరిగింది?

1988లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. అక్టోబరు 2న 71 కిలోల తరగతి బాక్సింగ్ ఫైనల్. ఒకవైపు అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్. వయసు 19 ఏళ్ళు. ఫ్లోరిడా రాష్ట్రంలోని పెన్సకోలా అతని ఊరు. రెండోవైపు ఆతిథ్య దేశానికి చెందిన పార్క్ సి హున్.

మూడు రౌండ్ల పోటీ అది. రౌండుకు మూడు నిమిషాలు. పోటీ మొత్తంలో జోన్స్ దెబ్బలే తగిలాయి. ఒక అమెరికా టెలివిజన్ సంస్థ వేసిన లెక్క ప్రకారం జోన్స్ కొట్టినవి 86, పార్క్ కొట్టినవి 32. పల్లెటూరి లెక్కలో చెప్పాలంటే ఒకడు మూడు బస్తాలు మోసే వేళకు రెండోవాడు ఒక బస్తా కంటే కాస్త ఎక్కువ మోశాడన్నమాట. కానీ తీర్పు దగ్గరకు వచ్చేసరికి అయిదుగురు న్యాయనిర్ణేతల్లో ముగ్గురు పార్క్ వైపు వేశారు. ఉగాండా, ఉరుగ్వే, మొరాకో దేశాలవారు పార్క్ గెలిచాడన్నారు. సోవియట్ యూనియన్, హంగరీ దేశాలవారు జోన్స్ గెలిచాడన్నారు. 3-2 తేడాతో స్వర్ణ పతకం పార్క్‌కు వెళ్ళింది.

ఆ తీర్పు విని ప్రపంచం విస్తుపోయింది. ఆతిథ్య దేశం వాడు 5-0తో ఓడితే వాళ్ళకు తలవంపుగా ఉంటుందని, ఎలాగూ మిగతా నలుగురూ జోన్స్‌కే వేస్తారని అనుకొని తాను పార్క్‌కు వేశానని మొరాకో న్యాయనిర్ణేత చెప్పినట్టు తరవాత పత్రికల్లో వచ్చింది. మన పంచాయతీల్లో "నా ఒక్కడి మాటతో ఏమవుతుందిలే" అనుకొని మొగమాటానికి తలూపే పెద్దమనుషులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అలా అనుకున్నవాళ్ళు ముగ్గురైతే తీర్పే తిరగబడిపోతుంది.

మరో వింత ఏమిటంటే, ఆ ఒలింపిక్స్‌లో అత్యుత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీని ఇచ్చింది ఓడిన జోన్స్‌కే. పతకం ఇవ్వని చేతులతోనే ట్రోఫీ ఇచ్చారు. ఇంతకంటే పెద్ద ఒప్పుకోలు ఏముంటుంది? ఆ తీర్పు వెనుక లంచం ఉందన్న ఆరోపణలపై అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ విచారించి, లంచానికి ఆధారాలు దొరకలేదని 1997లో చెప్పింది. పతకం మాత్రం మారలేదు.

జనం ఎందుకు కరిగిపోయారు?

ఇక్కడ మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, జనం కళ్ళారా చూశారు. ముష్టియుద్ధంలో ఎవరు ఎక్కువ కొట్టారన్నది చూడడానికి పెద్ద చదువు అక్కరలేదు. టెలివిజన్ ముందు కూర్చున్న ముసలమ్మ కూడా చెబుతుంది. చూసిన కన్ను ఒకటి చెప్పి, మైకు మరొకటి చెప్పినప్పుడు మనిషి తన కన్నునే నమ్ముతాడు. తీర్పు జోన్స్‌కు మాత్రమే కాక, తన కంటికి కూడా అవమానం చేసిందని చూసిన ప్రతివాడూ అనుకుంటాడు.

రెండోది, అతడు పరాయి ఊరిలో ఒంటరి. అమెరికా బలమైన దేశమే కావచ్చు. కానీ ఆ రోజు ఆ బరిలో నిలబడ్డవాడు 19 ఏళ్ళ కుర్రాడు. చుట్టూ అవతలివాడి జనం. సొంత ఊరివాడికి సొంత ఊరిలో తీర్పు ఇచ్చారనగానే, అది ఎంత దూరదేశమైనా మన గుండెకు ముల్లు గుచ్చుకుంటుంది. ఎందుకంటే అలాంటి పోటీకి మనమూ ఎప్పుడో ఒకప్పుడు పొరుగూరు వెళ్ళినవాళ్ళమే.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఓడినవాడు ఆ తరవాత ఎలా నడుచుకున్నాడన్నది. జోన్స్ ఏడ్చాడు, మనసు విరిగింది. కానీ ఎవరిమీదా చెయ్యి చేసుకోలేదు. వేదిక ఎక్కి రజత పతకం మెడలో వేయించుకున్నాడు. ఆ మరుసటి సంవత్సరం 1989లో వృత్తి బాక్సింగులోకి వెళ్ళాడు. 1993లో మిడిల్‌వెయిట్ తరగతిలో ప్రపంచ టైటిల్ గెలిచాడు. పై తరగతులకు ఎక్కుతూ పోయి 2003లో హెవీవెయిట్ టైటిల్ కూడా గెలిచాడు. జనం పెట్టిన సానుభూతికి వడ్డీతో సహా బాకీ తీర్చాడని చెప్పవచ్చు.

అదే ఊరు, అవే క్రీడలు

మూడో కారణం ఎంత ముఖ్యమో తెలియాలంటే అదే సియోల్‌లో పదిరోజుల ముందు జరిగింది చూడాలి. సెప్టెంబరు 22న కొరియాకే చెందిన బ్యోన్ జాంగ్ ఇల్ అనే బాక్సర్ బల్గేరియా వాడి చేతిలో 4-1తో ఓడిపోయాడు. తలతో గుద్దుతున్నాడని న్యూజిలాండ్‌కు చెందిన రిఫరీ కీత్ వాకర్ అతనికి పాయింట్లు కోసివేశాడు. ఆ కోత లేకుంటే ఫలితం వేరుగా ఉండేదని కొరియావారి వాదన. అంటే ఇదీ వివాదాస్పదమైన ఓటమే.

అప్పుడేం జరిగింది? కొరియా శిక్షకులు, మరికొందరు బరిలోకి దూకి రిఫరీ మీద పడ్డారు. ఆయన్ను కాపాడి బయటకు తీసుకుపోవలసి వచ్చింది. బ్యోన్ మాత్రం బరిలోనే కూర్చుండిపోయాడు. 67 నిమిషాలు కదలలేదు. చివరికి దీపాలు ఆర్పేశారు. చీకట్లో ఒంటరిగా కూర్చున్న ఆ కుర్రాడి ఫొటో చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. అయినా ప్రపంచం అతని పక్షాన నిలబడలేదు. రిఫరీ మీద పడిన చేతులే జనం కళ్ళ ముందు మెదిలాయి. అతని వాదనలో న్యాయం ఎంత ఉందో అడిగేవాడే లేకపోయాడు.

ఒకే ఊరు, ఒకే క్రీడలు, రెండు ఓటములు. ఒకదానికి లోకమంతా కన్నీరు పెట్టింది, రెండోదానికి ముఖం తిప్పుకుంది. చెయ్యి లేపినవాడి వెనుక జనం నిలబడరని ఇందులో నీతి. మన ఊరి పోటీల్లో అంపైరు చొక్కా పట్టుకునే కుర్రాళ్ళు, వాళ్ళ వెనుక ఉండి ఎగదోసే పెద్దలు ఇది గ్రహించాలి. అంపైరును కొట్టిన మరుక్షణం మీకు జరిగిన అన్యాయం మీ చేతుల్తోనే మీరు చెరిపేసుకుంటున్నారు.

సరిత కన్నీరు

మన దేశం సంగతికి వస్తే, 2014లో మళ్ళీ దక్షిణ కొరియాలోనే, ఇంచియాన్ నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. మణిపూర్‌కు చెందిన సరితాదేవి 60 కిలోల తరగతి సెమీఫైనల్‌లో కొరియా అమ్మాయి పార్క్ జి నాతో తలపడింది. సరిత అప్పటికే ఒక బిడ్డ తల్లి. పోటీలో సరితదే పైచేయి అని చూసినవారు అన్నారు. న్యాయనిర్ణేతలు మాత్రం 3-0తో కొరియా అమ్మాయి గెలిచిందన్నారు. భారత జట్టు చేసిన ఫిర్యాదును తోసిపుచ్చారు.

మరునాడు పతకాలు ఇచ్చే వేళ సరిత కంట నీరు ఆగలేదు. కాంస్య పతకం మెడలో వేయించుకోకుండా చేత్తో తీసుకుంది. తీసుకెళ్ళి తనను ఓడించిన అమ్మాయి మెడలోనే వేసింది. అంతర్జాతీయ సంఘం దీన్ని నేరంగా ఎంచింది. సరిత క్షమాపణ చెప్పుకున్నా ఏడాదిపాటు పోటీల నుంచి బహిష్కరించి, 1000 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. సచిన్ టెండూల్కర్ వంటివారు ఆమెకు బాసటగా నిలిచారు. దేశమంతా సరిత వైపు నిలబడింది.

సరిత చేసింది తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించుకోవచ్చు. పతకాన్ని కాదనడం క్రీడా మర్యాద కాదన్నది నిజం. కానీ ఆమె ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఏడ్చింది, ఇచ్చేసింది. ఆ తల్లి కన్నీరు చూసి మన ఊళ్ళలో ఆడవాళ్ళు సైతం కళ్ళు ఒత్తుకున్నారు. వాళ్ళలో చాలామందికి బాక్సింగ్ అంటే ఏమిటో తెలియదు. కష్టపడి వండిన అన్నం మరొకరి విస్తట్లో పడడం అంటే ఏమిటో మాత్రం బాగా తెలుసు.

మన నిజామాబాద్ ఆడపడుచు

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు 51 కిలోల తరగతిలో ఎవరిని పంపాలన్న ప్రశ్న వచ్చింది. ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్‌ను పోటీ లేకుండానే పంపుతారన్న మాట వినిపించింది. అప్పటికి 23 ఏళ్ళ నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది. ఆమె కోరింది సీటు కాదు, ఎంపిక పోటీ. "నన్ను పంపండి" అనలేదు, "ఇద్దరం తలపడతాం, గెలిచినవాళ్ళను పంపండి" అన్నదే ఆ లేఖ సారాంశం.

2019 డిసెంబరు 28న ఢిల్లీలో పోటీ పెట్టారు. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. తెలంగాణ తరఫువారు కొందరు అక్కడే నిరసన తెలిపారు. పోటీ ముగిశాక మేరీ కోమ్ నిఖత్‌తో చెయ్యి కలపలేదు. ఆ ఒక్క దృశ్యం దేశమంతా చూసింది. పోటీలో ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయన్నది జనం మరచిపోయారు. చెయ్యి చాచి నిలబడ్డ అమ్మాయిని మాత్రం మరచిపోలేదు. అంతవరకు నిఖత్ పేరు వినని వారికి కూడా ఆ రోజుతో ఆమె పేరు తెలిసింది.

ఆ తరవాత నిఖత్ ఏం చేసింది? ఇంటర్వ్యూల్లో బాధ చెప్పుకుంటూ కూర్చోలేదు. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయింది. ఫైనల్లో థాయిలాండ్ అమ్మాయిని 5-0తో ఓడించింది. మూడు మాటకు, రెండు మాటకు తావులేని తీర్పు అది. అదే ఏడాది కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండోసారి ప్రపంచ టైటిల్. సానుభూతి ఆమెకు పేరు తెచ్చింది. ఆ పేరును నిలబెట్టింది మాత్రం పిడికిలే.

చక్రం తిరిగింది

ఇంతటితో మేరీ కోమ్‌ను చెడ్డదాన్ని చేసి కథ ముగిస్తే అది పొరపాటు. 2021 జులై 29న టోక్యో ఒలింపిక్స్‌లో అదే మేరీ కోమ్ కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియా చేతిలో 3-2తో ఓడిపోయింది. మూడు రౌండ్లలో రెండు మేరీ గెలిచింది. అయినా పోటీ ఓడింది. తాను ఓడినట్టు బరి దిగాకే తెలిసిందని ఆమె తరవాత చెప్పింది. 38 ఏళ్ళ వయసులో, పిల్లల తల్లి అయి ఉండి, ప్రత్యర్థిని కౌగిలించుకుని వెనుదిరిగిన మేరీని చూసి దేశం కన్నీరు పెట్టింది. ఏడాదిన్నర కిందట చెయ్యి కలపలేదని కోపగించిన జనమే ఈసారి ఆమెకు జేజేలు పలికారు. జనం మనసు ఎవరి సొత్తూ కాదు. తీర్పు తేడాగా ఉన్నదనిపించినప్పుడు ఓడినవాడి వైపు మొగ్గుతుంది, అంతే.

కానీ ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. రెండు రౌండ్లు గెలిచినవాళ్ళు ఎలా ఓడతారని చాలామంది అడిగారు. లెక్క ఇలా ఉంటుంది. అయిదుగురు న్యాయనిర్ణేతలు విడివిడిగా కూర్చుంటారు. ప్రతి రౌండులో బాగా ఆడినవారికి 10, రెండోవారికి సాధారణంగా 9 వేస్తారు. చివరికి ఎవరి చీటీ వారు కూడుకుంటారు. ఎన్ని రౌండ్లు గెలిచారన్నది కాదు, ఎన్ని చీటీలు గెలిచారన్నదే లెక్క. మేరీ మొదటి రౌండులో నాలుగు చీటీల్లో వెనుకబడింది. తరవాతి రెండు రౌండ్లు ఆమెవే అయినా, ఆ రెండింటిలోనూ ముగ్గురే ఆమె వైపు ఉన్నారు, ఇద్దరు లేరు. చీటీలు కూడేసరికి వలెన్సియాకు మూడు, మేరీకి రెండు మిగిలాయి. నచ్చినా నచ్చకపోయినా, లెక్కలో తప్పు లేదు.

కాబట్టి మనకు బాధ కలిగించిన ప్రతి ఓటమీ అన్యాయం కాదు. కొన్ని అన్యాయపు తీర్పులు, కొన్ని అర్థంకాని నిబంధనలు. ఏది ఏదో తెలుసుకోకుండా గొంతెత్తితే మన సానుభూతే ఇంకొకరికి అన్యాయం చేస్తుంది.

గెలిచి ఏడ్చినవాడు

ఇప్పుడు మొదట చెప్పిన సామెతకు వద్దాం. సియోల్‌లో స్వర్ణం గెలిచిన పార్క్ సి హున్ ఏమయ్యాడు? అతడు న్యాయనిర్ణేతలను ఎంపిక చేయలేదు. చీటీలు రాయలేదు. తనకు వచ్చిన మాటకు చెయ్యి ఎత్తించుకున్నాడు, అంతే. కానీ లోకం దృష్టిలో అతడే దొంగ అయ్యాడు. ఒలింపిక్స్ తరవాత ఆట వదిలేశాడు. మనోవ్యథతో చాలాకాలం కుంగిపోయాడు. ఉపాధ్యాయుడుగా, ఆ తరవాత శిక్షకుడుగా బతికాడు. ఏ దేశమైనా తన స్వర్ణ విజేతను ఏనుగు మీద ఊరేగిస్తుంది. అతనికి మాత్రం ఆ పతకం మెడలో బండరాయి అయింది.

2023లో పార్క్ ఆ పతకం పట్టుకుని అమెరికా వెళ్ళాడు. పెన్సకోలాలో రాయ్ జోన్స్‌ను కలిసి, ఇది నీదేనంటూ అతని చేతిలో పెట్టాడు. 35 ఏళ్ళ తరవాత! జోన్స్ కన్నీరు పెట్టుకున్నాడు. ఒలింపిక్ రికార్డులో ఫలితం ఇప్పటికీ పార్క్ పేరుతోనే ఉంది. కానీ ఆ ఇద్దరి మధ్య తీర్పు మారిపోయింది. అయిదుగురు పెద్దలు చేయలేని న్యాయం ఓడినవాడికి గెలిచినవాడే చేశాడు.

ఈ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పుకోవడం నా బాధ్యత. కొన్నేళ్ళ కిందట ఒక ఊరిలో సంక్రాంతి చెడుగుడు ఫైనల్ చూశాను. ఆఖరి కూతలో పొరుగూరి కుర్రాడు గీత తాకాడని సగం మంది, తాకలేదని సగం మంది. అంపైరు ఆ ఊరివాడే. తాకలేదన్నాడు. సొంత ఊరు గెలిచింది. ఓడినవారికి అన్యాయం జరిగిందని నేను వార్త రాశాను. బాగా చదివారని అందరూ మెచ్చుకున్నారు. ఓడిన జట్టుకు దాతలు బనియన్లు, బూట్లు కొనిచ్చారు. నేనూ పొంగిపోయాను.

రెండేళ్ళ తరవాత ఎరువుల కొట్టు దగ్గర ఒక కుర్రాడు బస్తాలు దించుతూ కనిపించాడు. ఆఖరి పట్టు పట్టింది అతడే. ఇప్పుడు ఆడటం లేదా అని అడిగాను. "మానేశానన్నా. ఎక్కడికి పోయినా దొంగ షీల్డుగాడని పిలిచేవాళ్ళు. గీత తాకాడో లేదో నేను చూశానా? నేను కాళ్ళు పట్టుకుని మొహం మట్టిలో పెట్టుకుని ఉన్నాను. అంపైరు చెప్పాడు, లేచాను" అన్నాడు. "నువ్వు రాసేముందు నన్నొక్క మాట అడిగితే పోయేది కదన్నా" అని మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు.

నేనేం చెప్పగలను? నేను తప్పుపట్టవలసింది సొంత ఊరివాణ్ణి అంపైరుగా పెట్టిన నిర్వాహకులను. ఆ కుర్రాణ్ణి కాదు. ఓడినవాడి మీద జాలి చూపించే ఉత్సాహంలో, చెమటోడ్చి పట్టు పట్టినవాడి ఆట మాన్పించాను. వార్తలో అతని పేరు రాయలేదు గనుక నా తప్పు లేదని కొన్నాళ్ళు సర్దిచెప్పుకున్నాను. కానీ ఊళ్ళో పేరు రాయనక్కరలేదు కదా.

సానుభూతి చాలదు

జనం సానుభూతి వ్యర్థమని నేను అనడం లేదు. దానికి బలం ఉంది. సియోల్ తీర్పు మీద రేగిన ఆగ్రహం తరవాత, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ నుంచి మీట నొక్కి కంప్యూటరు ద్వారా పాయింట్లు లెక్కించే పద్ధతి వచ్చింది. అందులోనూ లోపాలు బయటపడి తరవాత మళ్ళీ మార్చారు. 2016 రియో ఒలింపిక్స్‌లో ఐర్లండ్ బాక్సర్ మైకేల్ కొన్లన్ ఓటమి మీద గగ్గోలు పుట్టింది. 2019లో ఒలింపిక్ కమిటీ ఆ అంతర్జాతీయ బాక్సింగ్ సంఘాన్ని పక్కనపెట్టి, టోక్యో పోటీలను తానే నడిపించింది. రియోలో పోటీల ఫలితాలను తారుమారు చేసే ఏర్పాటు నడిచిందని 2021లో స్వతంత్ర విచారణ నివేదిక చెప్పింది. 2023లో ఆ సంఘానికి గుర్తింపే తీసేశారు. ఓడినవారి కన్నీటికి లోకం కదిలింది గనుకే ఇవన్నీ జరిగాయి.

కానీ ఎంత ఆలస్యం! 1988లో పోయిన పతకం 2023 దాకా తిరిగి రాలేదు. అదీ ఒక మనిషి మంచితనం వల్ల వచ్చింది గాని, ఏ సంఘమూ ఇప్పించలేదు. జాలి గుండెకు చల్లగా ఉంటుంది. దాన్ని నమ్ముకుని పిల్లలను బరిలోకి పంపలేము.

అందుచేత మన జిల్లాలో పోటీలు పెట్టే యువజన సంఘాలకు, పండుగ కమిటీలకు ఒక మనవి. ఫైనల్‌కు వచ్చిన రెండు ఊళ్ళకూ చెందని మనిషినే అంపైరుగా పెట్టండి. అందుకయ్యే బస్సు ఛార్జీ, భోజనం ఖర్చు షీల్డు ఖరీదు కంటే ఎక్కువ కాదు. పాయింట్లు అందరికీ కనిపించేలా బల్ల మీద సుద్దతో రాయండి. ఆటకు ముందే నిబంధనలు మైకులో చదవండి. సందేహం వస్తే ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ముందే ప్రకటించండి. సెల్‌ఫోనులో తీసిన వీడియో ఉంటే పదిమంది ముందూ చూడండి. అంపైరుకు పొరపాటు ఒప్పుకునే అవకాశం ఇవ్వండి. ఒప్పుకున్నవాణ్ణి గౌరవించండి.

ప్రేక్షకులకూ ఒక మాట. ఓడినవాడి భుజం తట్టండి, సోడా ఇప్పించండి, తప్పులేదు. కానీ అదే చేత్తో గెలిచినవాడి మీద రాయి వేయకండి. తీర్పు చెప్పినవాడు వేరు, తీర్పు పొందినవాడు వేరు. ఇద్దరూ మన పిల్లలే.

ఎరువుల కొట్టు దగ్గర కనిపించిన ఆ కుర్రాడికి ఇప్పుడు పాతికేళ్ళు దాటి ఉండవు. చెడుగుడు ఆడటానికి ఇంకా వయసు ఉంది. ఈసారి సంక్రాంతికి అతని ఊరివాళ్ళు అతణ్ణి మళ్ళీ బరిలోకి పిలుస్తారని, పొరుగూరి జట్టు ఎదురొచ్చి చెయ్యి కలుపుతుందని ఆశ. ఆ రోజు ఆట చూడటానికి వెళతాను. వార్త రాసే ముందు ఇద్దరినీ అడుగుతాను.

- గ్రామీణ విలేకరి